'ఎక్కడ ఉంచాలి' అన్నది ఆఖరి ప్రశ్న

అందరికీ నమస్కారం.

నేను పెద్దవాళ్ళ వార్డులో పనిచేసే నర్సుని. అమ్మానాన్నల సంరక్షణ గురించి పిల్లలు తీసుకునే నిర్ణయాల్లో చాలావాటిని మా వార్డు బయట వరండాలోనే చూస్తుంటాను, అదీ డిశ్చార్జ్‌కి ముందు రోజు. తండ్రి జారిపడ్డారు, తుంటి ఎముక విరిగింది, ఆపరేషన్ అయింది, రేపు ఇంటికి పంపించేస్తామన్నారు. పిల్లలు బెంచీ మీద కూర్చుని, దూరంగా ఉన్నవాళ్ళని ఫోన్‌లో కలుపుకుని, 'ఇప్పుడు నాన్నని ఎక్కడ ఉంచాలి?' అని మాట్లాడుకుంటుంటారు. లోపల మంచం మీదున్న నాన్నని మాత్రం ఎవరూ అడగరు.

వాళ్ళని తప్పుపట్టను. నాలుగు రాత్రులుగా నిద్ర ఉండదు, ఆఫీసు నుంచి ఫోన్లు, బిల్లు టెన్షన్. కానీ 'ఎక్కడ' అని మొదలుపెడితే కనిపించేవి రెండే దారులు, ఇల్లు లేదా వృద్ధాశ్రమం. ఒకరు ఇల్లంటారు, ఒకరు ఆశ్రమమంటారు, అది కాస్తా ఎవరికి ప్రేమ ఎక్కువ అనే గొడవగా మారుతుంది. ఈరోజు నేను చెప్పడానికి వచ్చింది ఒక్క విషయం. ముందు ఏ పనికి సాయం కావాలో, ఏ వేళల్లో కావాలో, ఆ సాయం ఎవరి చేతులతో జరుగుతుందో, ఆ మనిషి దేనికి ఒప్పుకుంటారో తేల్చుకోండి. ఇవి తేలాక ఎక్కడ అన్నదానికి జవాబు వెతకడం చాలా తేలికవుతుంది.

ఏ పనికి సాయం కావాలో చూడడానికి ఒక పద్ధతి ఉంది. సిడ్నీ కాట్జ్ అనే డాక్టరు, ఆయనతో పనిచేసినవాళ్ళు 1963లో ఒక కొలమానం ప్రచురించారు. అందులో ఆరు పనులు ఉంటాయి. స్నానం చేయడం, బట్టలు కట్టుకోవడం, టాయిలెట్‌కి వెళ్ళి రావడం, మంచం మీంచి లేచి కుర్చీలోకి మారడం, మలమూత్రాలు ఆపుకోగలగడం, తనంతట తాను తినడం. చాలామందిలో ఈ శక్తులు ఒక వరసలో తగ్గుతాయి. ముందు స్నానం కష్టమవుతుంది, తినడం ఆఖరున పోతుంది. ఈ వరస తెలిస్తే మీకు లాభం ఏమిటంటే, అమ్మకి ఈరోజు స్నానానికి సాయం కావాల్సి వచ్చిందంటే రేపటికి టాయిలెట్ గురించి ఇప్పుడే ఆలోచించవచ్చు. గోడకి పట్టుకునే కమ్మీ, ఎత్తు సరిపడే కమోడ్, రాత్రి దారిలో చిన్న లైటు. ఇవి పడిపోకముందు పెట్టించాల్సినవి.

దీనికంటే ముందే దెబ్బతినేవి ఇంకొన్ని ఉన్నాయి. పిల్లలకి ఆలస్యంగా తెలిసేవి ఇవే. 1969లో లాటన్, బ్రోడీ అనే ఇద్దరు పరిశోధకులు ఎనిమిది పనుల పట్టిక ఇచ్చారు. ఫోన్ వాడడం, బజారు పని, వంట, ఇల్లు సర్దుకోవడం, బట్టలు ఉతుక్కోవడం, బయటికి ప్రయాణం, మందులు వేసుకోవడం, డబ్బు లెక్క చూసుకోవడం. మీరు ఫోన్ చేస్తే అమ్మ 'బాగానే ఉన్నాను నాన్నా' అంటుంది. అది అబద్ధం కాదు, మిమ్మల్ని కంగారుపెట్టకూడదని. పైగా ఇద్దరూ బతికి ఉన్న ఇంట్లో ఒకరి లోటుని ఒకరు కప్పేస్తుంటారు. నాన్నకి మతిమరుపు వచ్చిందని ఆయనకి జ్వరమొచ్చినప్పుడు కాదు, అమ్మ ఆస్పత్రిలో చేరినప్పుడు తెలుస్తుంది. అందుకని వెళ్ళినప్పుడు కబుర్లతో పాటు మందుల స్ట్రిప్పులు చూడండి. ఎన్ని మిగలాలో అన్నే మిగిలాయా? కరెంటు బిల్లు రెండుసార్లు కట్టారా, అసలు కట్టలేదా? ఒంటి మీద బట్టలు వదులయ్యాయా? ఒక వారం పక్కనే ఉండే వీలుంటే ఓ నోటుపుస్తకంలో గంట గంటకీ రాయండి. ఎప్పుడు ఏ సాయం అడిగారు, అడగకుండా ఏ పని మానేశారు. ఆ పుస్తకం మీ అన్నదమ్ములు అక్కచెల్లెళ్ళ మధ్య వాదనని సగానికి తగ్గిస్తుంది. అప్పుడు మీరు మాట్లాడేది ప్రేమ గురించి కాదు, తెల్లవారుజామున మూడింటికి టాయిలెట్‌కి ఎవరు తీసుకెళ్ళాలి అన్నదాని గురించి.

ఇక ఎక్కువమంది దాటేసే సంగతికి వస్తాను. ఇప్పుడు కనిపిస్తున్న పరిస్థితే శాశ్వతమా? ఇది అడగకుండా దీర్ఘకాలం నిర్ణయం తీసుకోకండి.

1935లో ఇంగ్లండులో మార్జరీ వారెన్ అనే డాక్టరుకి ఒక పేదల ఆస్పత్రి బాధ్యత వచ్చి పడింది. వెస్ట్ మిడిల్‌సెక్స్ ఆస్పత్రి పక్కన ఉండేది అది. అక్కడ వందల మంది వృద్ధులు సంవత్సరాల తరబడి మంచాల మీదే ఉన్నారు. ఎవరికి ఏ జబ్బో సరిగా పరీక్ష చేసినవాళ్ళు లేరు, వయసైపోయింది అంతే అనుకున్నారు. ఆవిడ ఒక్కొక్కరినీ పరీక్షించింది, జబ్బుల్ని బట్టి విడదీసింది, వార్డుకి రంగులు వేయించింది, మంచం దిగి నడిచే సాధన చేయించింది. వాళ్ళలో చాలామంది లేచారు, కొందరు ఇంటికి వెళ్ళిపోయారు. 1943లో ఆవిడ రాసిన వ్యాసం తర్వాత పెద్దవాళ్ళ వైద్యం ఆ దేశంలో ఒక ప్రత్యేక శాఖగా ఎదిగింది. ఇన్నేళ్ళ తర్వాత కూడా మా వార్డులో నాకు ఆవిడ గుర్తుకురాని వారం ఉండదు. 'ఇక ఇంతేనండీ' అని రాసి పంపిన మనిషికి వినికిడి మిషన్ పెడితే సగం మతిమరుపు మాయమవడం చూశాను. విటమిన్ బి12 లోపం, థైరాయిడ్, కళ్ళలో శుక్లాలు, బయటికి చెప్పుకోని డిప్రెషన్, మూత్రంలో ఇన్ఫెక్షన్, ఇవన్నీ ముసలితనం వేషం వేసుకుని వస్తాయి.

మందులు కూడా. 1991లో మార్క్ బీర్స్ అనే డాక్టరు, ఆయనతో పనిచేసినవాళ్ళు వృద్ధులకి హాని చేసే అవకాశం ఎక్కువగా ఉన్న మందుల జాబితా తయారుచేశారు. దాన్ని ఇప్పటికీ సవరిస్తూ వస్తున్నారు. కొన్ని నిద్రమాత్రలు, జలుబుకి వాడే కొన్ని పాత మందులు పెద్దవాళ్ళలో తూలుడు, అయోమయం తెస్తాయి. ముగ్గురు డాక్టర్లు మూడు చీటీలు రాసి ఉంటారు, ఆ మూడింటినీ కలిపి చూసినవాళ్ళు ఉండరు. మందులన్నీ ఒక సంచిలో వేసుకుని ఒకే డాక్టరు దగ్గరికి వెళ్ళి 'ఇందులో ఏది తీసేయొచ్చు?' అని అడగండి. మీ అంతట మీరు మాత్రం ఏదీ ఆపకండి, కొన్నింటిని మెల్లగా తగ్గించాలి.

ఆస్పత్రిలో పెద్దవాళ్ళకి వచ్చే అయోమయం ఇంకొకటి. డెలిరియం అంటారు. నిన్నటిదాకా పేపర్ చదివిన మనిషి ఈరోజు కూతుర్ని గుర్తుపట్టరు, సెలైన్ గొట్టం లాగేస్తారు, గోడ మీద ఎవరో ఉన్నారంటారు. ఇంట్లోవాళ్ళు బెదిరిపోతారు. ఇది చాలామందిలో తగ్గుతుంది, కానీ ఒక్కోసారి వారాలు, నెలలు పడుతుంది. ఆ స్థితిలో ఉన్న మనిషిని చూసి ఇల్లు అమ్మేయాలా అని తీర్మానించడం అన్యాయం. బలహీనత కూడా అలాంటిదే. 2007లో వచ్చిన ఒక అధ్యయనంలో ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళని పది రోజులు మంచం మీదే ఉంచారు. ఆ పది రోజుల్లో ఒక్క కాళ్ళలోనే సుమారు కిలో కండ కరిగింది. జబ్బు లేనివాళ్ళకే అంత. మీ నాన్న మూడు వారాలు పడుకున్నారు, లేవలేకపోతున్నారంటే అందులో ఎంత జబ్బుదో ఎంత మంచానిదో ఫిజియోథెరపీ చేయించి చూస్తేగానీ తెలియదు. అందుకే నేను ఎప్పుడూ చెప్పేది, డిశ్చార్జ్ రోజున తీసుకునేది తాత్కాలిక నిర్ణయమని పైకి అనండి, కాగితం మీద రాయండి, రెండు మూడు నెలలకి మళ్ళీ కూర్చునే తేదీ కూడా వేసుకోండి.

ఇప్పుడు అసలు మనిషి దగ్గరికి వద్దాం.

1976లో ఎలెన్ లాంగర్, జుడిత్ రోడిన్ అనే ఇద్దరు మానసిక శాస్త్రవేత్తలు ఒక వృద్ధుల హోమ్‌లో చిన్న ప్రయోగం చేశారు. ఒక అంతస్తు వాళ్ళతో 'మీ గది ఎలా ఉండాలో, సమయం ఎలా గడపాలో మీ ఇష్టం' అన్నారు. తలా ఒక మొక్క ఎంచుకోనిచ్చి, దాన్ని చూసుకునే పని వాళ్ళకే వదిలారు, సినిమా ఏ రోజు చూడాలో వాళ్ళనే నిర్ణయించుకోమన్నారు. ఇంకో అంతస్తులోనూ మొక్కలు ఇచ్చారు, సినిమాలు వేశారు. కానీ నీళ్ళు నర్సులు పోశారు, రోజు కూడా వాళ్ళే చెప్పారు. మూడు వారాలకి మొదటి అంతస్తు వాళ్ళు మరింత హుషారుగా, చురుగ్గా కనిపించారు. చిన్న ప్రయోగమే, దాని మీద భవనాలు కట్టక్కర్లేదు. కానీ ఇన్నేళ్ళుగా వార్డులో నేను చూస్తున్నది కూడా అదే. మనం పెద్దవాళ్ళకి పనులు తగ్గిస్తూ తగ్గిస్తూ, తెలియకుండానే మాట కూడా తగ్గించేస్తాం.

అడగడంలో పద్ధతి ఉంది. 'నువ్వు ఎక్కడుంటావమ్మా?' అంటే ఆవిడ 'మీ ఇష్టం' అంటుంది. అక్కడితో మాట ఆగిపోతుంది. దానికి బదులు రోజు గురించి అడగండి. పొద్దున్నే ఎన్నింటికి లేస్తే హాయిగా ఉంటుంది? స్నానం ఎవరు చేయిస్తే సిగ్గనిపించదు? ఏ పని ఇంకొకరు చేస్తే భరించలేవు? దేనికి ఎక్కువ భయం, పడిపోవడానికా, ఒంటరితనానికా, మా మీద భారం పడుతుందనా? తలుపు గడియ తన చేతిలో ఉండాలనేవాళ్ళు ఉంటారు. పక్కన మనుషుల అలికిడి ఉంటే చాలనేవాళ్ళు ఉంటారు. ఈ ఇద్దరికీ ఒకే ఏర్పాటు పనికిరాదు. నేను చూసినంతలో, కొడుకు ఇంట్లో నాలుగు గోడల మధ్య పగలంతా టీవీ ముందు ఒంటరిగా కూర్చునే తండ్రికంటే మంచి హోమ్‌లో నలుగురితో గొడవపడుతూ ఉండే తండ్రి సుఖంగా ఉన్న సందర్భాలున్నాయి. తలకిందులైనవీ ఉన్నాయి.

డిమెన్షియా, అంటే జ్ఞాపకం, ఆలోచన క్రమంగా తగ్గిపోయే జబ్బు, మొదలైంది కాబట్టి ఇక అడిగి లాభం లేదనుకోవద్దు. నిర్ణయించే శక్తి ఒకేసారి మొత్తం పోదు. బ్యాంకు కాగితాలు అర్థం కాని మనిషి కూడా తనకి ఎవరు స్నానం చేయించాలో స్పష్టంగా చెప్పగలరు. డిమెన్షియాతో ప్రపంచంలో ఐదున్నర కోట్లకు పైగా జనం ఉన్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. వాళ్ళలో చాలామందికి మొదట్లో కొంత కాలం మాట చెప్పగల దశ ఉంటుంది. ఆ దశలోనే అడగాలి, రాసుకోవాలి, తన తరఫున ఎవరు నిర్ణయం తీసుకోవాలో చట్టప్రకారం కాగితం మీద పెట్టించుకోవాలి. ఆఖరి రోజుల వైద్యం గురించి కూడా. మింగలేని స్థితి వస్తే పొట్టలోకి గొట్టం వేయాలా అన్న ప్రశ్న చాలా ఇళ్ళల్లో వస్తుంది. ముదిరిన డిమెన్షియాలో గొట్టం వల్ల ఆయుష్షు పెరిగినట్టు ఆధారాలు లేవు. ఓపికగా చేత్తో తినిపించడమే మంచిదని పెద్దల వైద్య నిపుణులు అంటారు. అమ్మ ఏమంటుందో ముందే తెలిస్తే ఆ రోజు పిల్లల మీద అంత బరువు పడదు.

ఇంకొకటి. 'నిన్ను ఎప్పటికీ ఎక్కడికీ పంపను' అని దయచేసి మాట ఇవ్వకండి. ప్రేమతోనే ఇస్తారు, నాకు తెలుసు. కానీ రేపు ఏ జబ్బు వస్తుందో తెలియకుండా స్థలం గురించి ఇచ్చే మాట అది. దాన్ని నిలబెట్టుకోవడానికి నడుము విరగ్గొట్టుకున్న కూతుళ్ళని చూశాను. నిలబెట్టుకోలేక పదేళ్ళయినా ఏడ్చే కొడుకుల్నీ చూశాను. 'నిన్ను అడగకుండా ఏదీ చేయను, ఎక్కడున్నా వస్తుంటాను' అనండి. ఇది నిలబెట్టుకోగలిగే మాట.

సరే, చేసేవాళ్ళ సంగతి. ఇంట్లో చూసుకుంటామని తీర్మానం చేసినప్పుడు 'మేము' అంటారు. ఆ 'మేము' చివరికి ఒక్క మనిషిగా మిగులుతుంది. భార్య, కూతురు, కోడలు, పెళ్ళికాని తమ్ముడు, ఎవరో ఒకరు. 1999లో షుల్జ్, బీచ్ అనేవాళ్ళు ప్రచురించిన అధ్యయనం ఒకటుంది. జబ్బుపడ్డ భర్తనో భార్యనో చూసుకుంటూ ఆ ఒత్తిడితో నలిగిపోతున్న పెద్దవాళ్ళని నాలుగేళ్ళు గమనించారు. అలాంటి బాధ్యత లేనివాళ్ళతో పోలిస్తే వీళ్ళలో చనిపోయే ముప్పు 63 శాతం ఎక్కువగా కనిపించింది. అమ్మ నాన్నని చూసుకుంటోంది కదా అని మీరు నిశ్చింతగా ఉంటే, ఇద్దరు రోగులున్న ఇంట్లో ఒకరినే లెక్కపెడుతున్నారన్నమాట.

ఇంట్లో సంరక్షణ ఎక్కడ కూలుతుందో చెప్పమంటే నేను రాత్రి అంటాను. పగలు ఎలాగో గడుస్తుంది. రాత్రి నాలుగుసార్లు లేపితే, పక్క తడిసి బట్టలు మార్చాల్సి వస్తే, చీకటి పడేసరికి డిమెన్షియా మనిషికి ఆందోళన పెరిగి తలుపు దగ్గరే తిరుగుతుంటే, ఎంత ప్రేమ ఉన్నా ఆరు నెలల్లో ఒళ్ళు లొంగిపోతుంది. కదల్లేని మనిషికి పుండ్లు పడకుండా రెండేసి గంటలకి పక్క తిప్పాలని మేము వార్డులో నేర్చుకున్నాం. షిఫ్టులు మారే మాకే అది కష్టం. ఇంట్లో ఒక్కరు ఎన్ని రాత్రులు చేస్తారు? డబ్బు కొద్దిగా ఉండి ఒకే సాయం పెట్టుకోగలిగితే, పగటి మనిషికంటే ముందు రాత్రి మనిషిని పెట్టుకోండి. ఇది నా గట్టి అభిప్రాయం.

దూరంగా ఉన్న పిల్లలకి ఒక మాట. వీడియో కాల్‌లో సలహాలు ఇవ్వడం సంరక్షణ కిందికి రాదు. కానీ మీరు చేయగలిగినవి నిజంగా ఉన్నాయి. మందులు ఆర్డర్ పెట్టడం, డాక్టరు అపాయింట్‌మెంట్లు, బిల్లులు, లెక్కలు, ఇవన్నీ దూరం నుంచే అవుతాయి. ఏడాదిలో కొన్ని వారాలు వచ్చి, అక్కడున్న అక్కని పూర్తిగా బయటికి పంపించి, స్నానం దగ్గర్నుంచి రాత్రి దాకా మీరే చేయండి. ఆ తర్వాత మీ సలహాల రంగే మారుతుంది. డబ్బు ఎవరెంత ఇస్తున్నారో, ఉద్యోగం మానేసినవాళ్ళకి ఏం ఇస్తున్నారో రాసుకోండి. రాసుకోవడం అపనమ్మకం కాదు. రాయని లెక్క అమ్మ పోయాక ఆస్తి దగ్గర బయటపడుతుంది.

ఏర్పాట్ల రకాల గురించి త్వరగా చెప్తాను, మీకు తెలిసినవే. కొన్ని గంటలు వచ్చే సహాయకులు, ఇంట్లోనే ఉండే అటెండెంట్, పగలు మాత్రమే చూసుకునే కేంద్రాలు, కాస్త సాయంతో ఉండే సీనియర్ హోమ్‌లు, ఇరవై నాలుగు గంటలూ నర్సులుండేవి. మీ నోటుపుస్తకంలో ఏ గంటలకి సాయం కావాలని తేలిందో దాన్ని బట్టి వీటిని కలిపి వాడుకోవచ్చు.

హోమ్ చూడడానికి వెళ్తే మాత్రం కొంచెం నిలబడి చూడండి. వాళ్ళు రమ్మన్న టైముకి ఒకసారి, చెప్పకుండా సాయంత్రం పూట ఇంకోసారి. ముందు గదిలో సోఫాలు చూడొద్దు, చివరి వార్డుకి వెళ్ళండి. ఎవరైనా బెల్ కొడితే ఎంతసేపటికి వస్తున్నారు? రాత్రి ఎంతమందికి ఎంతమంది స్టాఫ్ అని అడగండి, పగటి లెక్క చెబితే మళ్ళీ అడగండి. పనివాళ్ళు ఎన్నాళ్ళుగా ఉన్నారో తెలుసుకోండి, నెలకో కొత్త మొహమైతే మీ నాన్న అలవాట్లు ఎవరికీ తెలియవు. పుండ్లు పడ్డవాళ్ళు ఎంతమంది, మంచానికి కట్టేస్తారా, నిద్రమందు ఎప్పుడు ఇస్తారు, పడిపోతే ఇంట్లోవాళ్ళకి ఎప్పుడు చెప్తారు, జబ్బు ముదిరితే ఉంచుకుంటారా పంపించేస్తారా? ఆఖరిదాని జవాబు రాతలో తీసుకోండి. అన్నిటికంటే నేను గమనించేది, స్టాఫ్ పెద్దవాళ్ళతో మాట్లాడే గొంతు. బట్టలు మారుస్తూ వాళ్ళ తల మీదుగా తమలో తాము కబుర్లాడుకుంటుంటే నేనైతే మా అమ్మని అక్కడ పెట్టను.

(సభలో ఒకరు: మా అమ్మని హోమ్‌లో చేర్చి నెలయింది. డిమెన్షియా. వెళ్ళిన ప్రతిసారీ 'ఇంటికి పోదాం పద' అని ఏడుస్తోంది. మేము తప్పు చేశామా?)

కూర్చోండమ్మా. ఒక్క నెలలో ఏదీ తేలదు, కొత్తచోటు సర్దుకోవడానికి చాలామందికి అంతకంటే ఎక్కువే పడుతుంది. డిమెన్షియా ఉన్నవాళ్ళు సొంత ఇంట్లో కూర్చుని కూడా 'ఇంటికి పోదాం' అంటారు. చాలాసార్లు దాని వెనక భయమో, నొప్పో, మూత్రం వస్తోందన్న ఇబ్బందో ఉంటుంది. అందుకని 'ఇదే మీ ఇల్లు' అని వాదించకండి. ముందు ఒంట్లో ఏమైనా ఇబ్బందేమో చూడండి. తర్వాత 'ఇంట్లో ఏం గుర్తొస్తోందమ్మా?' అని అడగండి, చెప్పనివ్వండి. అమ్మ దుప్పటి, ఆవిడ కుర్చీ, గోడకి నాలుగు ఫోటోలు తీసుకెళ్ళండి. ఆవిడ గురించి ఒక పేజీ రాసి స్టాఫ్‌కి ఇవ్వండి, ఏ ఉద్యోగం చేసింది, ఏ పేరుతో పిలిస్తే పలుకుతుంది, దేనికి కోపం వస్తుంది, ఏ పాట వింటే కుదుటపడుతుంది. వేర్వేరు వేళల్లో వెళ్ళండి, మీరు అక్కడి నుంచి వచ్చేసిన అరగంటకి ఎలా ఉంటోందో నర్సుని అడగండి. మిమ్మల్ని చూడగానే ఏడ్చి తర్వాత మామూలైపోయేవాళ్ళు ఉంటారు. అలా కాకుండా రోజంతా ఏడుస్తుంటే, తినడం మానేస్తుంటే, ఒళ్ళు తగ్గుతుంటే, అది వేరే సంగతి, డాక్టరుకి చూపించి ఆ ఏర్పాటుని మళ్ళీ ఆలోచించాలి. తప్పా ఒప్పా అన్న మాట పక్కన పెట్టండి. రాత్రిళ్ళు మీరు చూసుకోలేకపోయారు కాబట్టే కదా చేర్చారు? ఆ రాత్రులు ఇప్పుడు అక్కడ ఎలా గడుస్తున్నాయో, రాత్రి షిఫ్టు మనిషిని కలిసి అడిగి రండి.

(మరొకరు: నాన్న ఒంటరిగా ఉంటానని పట్టుబడుతున్నారు. ఇప్పటికే రెండుసార్లు పడ్డారు.)

ఆయనకి విషయం అర్థమవుతోందా? పడితే ఏమవుతుందో, గంటల తరబడి లేవలేకపోవచ్చని తెలిసే అంటున్నారా? అలా అయితే ఆ ప్రమాదాన్ని ఎంచుకునే హక్కు ఆయనకి ఉంది, మీకు ఎంత భయమైనా సరే. భయం మీది, రోజులు ఆయనవి. మీ పని ఆ ప్రమాదాన్ని తగ్గించడం. ముందు ఎందుకు పడుతున్నారో పట్టుకోండి, లేచి నిలబడ్డప్పుడు బీపీ పడిపోతోందా, మందా, చూపా, చెప్పులా, రాత్రి టాయిలెట్ దారా? కాళ్ళ బలానికి, తూలకుండా ఉండడానికి వ్యాయామాలు నేర్పించండి, అవి పడడాన్ని తగ్గిస్తాయని గట్టి ఆధారాలున్నాయి. మెడలో వేసుకునే అలారం బటన్, రోజూ పొద్దున పలకరించే ఒక మనిషి, తాళం చెవి పక్కింట్లో. తర్వాత ఆయనతోనే కూర్చుని, 'ఏం జరిగితే ఈ పద్ధతి మార్చుకుందాం నాన్నా?' అని అడగండి. మూడోసారి పడితేనా, స్టవ్ ఆపడం మర్చిపోతేనా? ఆ గీత ఆయన్నే గీయనివ్వండి, ఆయన చేతే రాయించండి. నేను చూసినవాళ్ళలో తమ చేతి రాతని కాదన్నవాళ్ళు తక్కువ.